బీథోవెన్ చెవి, బీథోవెన్ బతుకుదెరువు

1824 మే 7వ తేదీ రాత్రి వియన్నాలో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీని మొదటిసారి వాయించారు. సభ చప్పట్లతో మారుమోగుతుంటే ఏమీ వినిపించని ఆ మనిషి జనానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడనీ, కరోలిన్ ఉంగర్ అనే గాయని ఆయనను పట్టుకుని ఇటు తిప్పిందనీ చెప్పే కథ అందరికీ తెలిసిందే. కళ్లు చెమర్చే కథే. కాని ఆ రాత్రి వసూలైన మొత్తం సుమారు 2,200 ఫ్లోరిన్లనీ, నాటకశాల ఖర్చులూ నకళ్లు రాసినవారి కూలీ పోగా స్వరకర్త చేతికి మిగిలింది 420 మాత్రమేననీ చెప్పేవారు తక్కువ. ఆ కథకు ఈ లెక్క జతచేస్తే తప్ప బీథోవెన్ చెవుడు మనకు అర్థం కాదని నా అభిప్రాయం.

నేను సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే కవిని ఎవరు పోషించారని అడగకుండా ప్రబంధయుగం పాఠం చెప్పడం కుదరదు గదా. ఆ ప్రశ్ననే ఇక్కడా వేస్తున్నాను. బీథోవెన్ చెవుడును విధి చేసిన గాయంగా, దాన్ని జయించిన ఆత్మబలానికి నిదర్శనంగా వర్ణించే విమర్శకులు ఈ ప్రశ్నను తలుపు బయటే నిలబెట్టారు.

ఆయనకు ముందు తరంలో సంగీతకారుడు కొలువుకాడు. హైడన్ 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల వద్ద చేరినప్పుడు రాసుకున్న ఒప్పందంలో ఆయన తొడగవలసిన దుస్తుల మొదలు ప్రవర్తన దాకా షరతులున్నాయి. మొజార్ట్ 1781లో సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పు కొలువును తెంచుకుని వచ్చాడు. బీథోవెన్ తాత బాన్ దర్బారులో సంగీతాధిపతి. తండ్రి అక్కడే గాయకుడు. బీథోవెన్ కూడా పిన్న వయసులోనే అక్కడ జీతగాడు. 1792లో వియన్నా వచ్చిన రెండేళ్లకు ఫ్రెంచి విప్లవసైన్యాలు రైన్ తీరాన్ని ఆక్రమించాయి. ఆ దర్బారూ పోయింది, అక్కడి నుంచి వచ్చే భత్యమూ పోయింది. ఆయన స్వేచ్ఛను ఎంచుకున్నాడన్నది నిజమే. అయితే తిరిగి వెళ్లడానికి కొలువే లేకుండా చరిత్ర చేసిందన్నది కూడా అంతే నిజం. అప్పటి నుంచి ఆయన బతుకు కచేరీలు, ప్రభువుల ఇళ్లలో వాదన, శిష్యులకు పాఠాలు, ప్రచురణకర్తలకు అమ్ముకున్న రచనలు: వీటి మీద నడిచింది. 1795లో మొదటి త్రయాలను చందాలు పోగుచేసి అచ్చు వేయించాడు.

ఇలాంటివాడికి చెవి అంటే ఏమిటి? చేనేతవాడికి మగ్గం ఏమిటో అది.

1801 జూన్ 29న పాత మిత్రుడు డాక్టర్ వెగెలర్‌కు రాసిన ఉత్తరం చూడండి. అందులో ముందు సంపాదన సంగతి ఉంది. లిఖ్నోవ్‌స్కీ ప్రభువు ఏటా 600 ఫ్లోరిన్లు ఇస్తున్నాడట. ఒక్కో రచనకు ఆరేడుగురు ప్రచురణకర్తలు పోటీ పడుతున్నారట. బేరాలు లేవట, తాను అడిగింది ఇస్తున్నారట. ఆ తర్వాతనే చెవి సంగతి. చెవుల్లో రాత్రింబగళ్లు హోరు. నాటకశాలలో వాద్యబృందానికి ఆనుకుని కూర్చుంటే తప్ప నటుల మాట అందదు. దూరంగా ఉంటే వాద్యాల పైస్థాయి స్వరాలు వినిపించవు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే ధ్వని తెలుస్తుంది, మాట తెలియదు. కాని ఎవరైనా గట్టిగా అరిస్తే మాత్రం భరించలేడు. ఒక వైద్యుడు బాదంనూనె వేయించాడు. ఒకడు చన్నీళ్ల స్నానం చేయమన్నాడు. మరొకడు డాన్యూబ్ నది నీళ్లను గోరువెచ్చగా కాచి పోసుకోమన్నాడు.

ఈ చివరి లక్షణాన్ని పాఠకులు జాగ్రత్తగా గమనించాలి. చెవుడంటే నిశ్శబ్దమని మనం అనుకుంటాం. కాదు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే కణాలు దెబ్బతిన్నప్పుడు చిన్న ధ్వనులు అసలు అందవు; ధ్వని కాస్త పెరిగేసరికి ఒక్కసారిగా నొప్పి స్థాయికి పోతుంది. వినిపించడానికీ బాధించడానికీ మధ్య జాగా ఇరుకైపోతుంది. ఆ ఇరుకులో కూర్చుని వాయిస్తూ, పాఠాలు చెబుతూ సంపాదించుకోవాలి. 1809 మేలో నెపోలియన్ సైన్యం వియన్నా మీద ఫిరంగులు పేల్చినప్పుడు ఆయన తమ్ముడి ఇంటి నేలమాళిగలో దిండ్లతో చెవులు కప్పుకున్నాడని శిష్యుడు రీస్ రాశాడు. పిరికితనం కాదది. (వ్యాధికి మూలకారణం నేటికీ తేలలేదు. ఆయన తల వెంట్రుకల నుంచి జన్యువులను పరీక్షించి 2023లో ప్రచురించిన పరిశోధనలోనూ చెవుడుకు స్పష్టమైన కారణం దొరకలేదు.)

ఆ ఉత్తరంలోనే ఆయన మిత్రుణ్ణి ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని వేడుకుంటాడు. ఈ వేడుకోలును నేను మరొకచోట విన్నాను. మా ఊళ్లో పెళ్లిళ్లకు సన్నాయి వాయించే పెద్దాయన ఒకడున్నాడు. నలభయ్యేళ్లుగా డోలు పక్కన కూర్చున్న మనిషి. ఒకనాడు పందిట్లో నేను వెనక నుంచి రెండుసార్లు పిలిచినా పలకలేదు. దగ్గరికి వెళ్లి అడిగితే చుట్టూ చూసి, "అయ్యా, కుడిచెవి పోయి మూడేళ్లయింది. ఈ మాట మీలోనే ఉంచుకోండి. తెలిసిందంటే మేళం మాట్లాడుకునేవాళ్లు ఇంకో గుమ్మం ఎక్కుతారు," అన్నాడు. బీథోవెన్ దాపరికాన్ని అహంకారమనే విమర్శకులు ఆ పందిట్లో ఉండవలసింది. ఐరోపాలో కూడా చెవులను కాపాడే 2003 నాటి చట్టం ఫ్యాక్టరీ కార్మికులకు 2006లో వర్తిస్తే, సంగీతరంగానికి 2008 దాకా గడువిచ్చారు.

1802 అక్టోబరులో హైలిగెన్‌స్టాట్ గ్రామంలో తమ్ముళ్ల పేర రాసి పంపకుండా దాచుకున్న వీలునామాను అందరూ ఉదహరిస్తారు. ఇతరులకంటే తనలో పరిపూర్ణంగా ఉండవలసిన ఇంద్రియమే లోపించిందని ఎలా ఒప్పుకోగలనన్న వేదన అందులో ఉంది. లిఖ్నోవ్‌స్కీ ప్రభువు ఇచ్చిన తంత్రీవాద్యాల ప్రస్తావన కూడా అందులోనే ఉంది. వాటికోసం పోట్లాడుకోవద్దనీ, అవసరమైతే అమ్ముకోమనీ తమ్ముళ్లకు చెప్పాడు. చావు తలపులో ఉన్నవాడు కూడా వాద్యం ఖరీదు మరవలేదు.

1808లో వెస్ట్‌ఫాలియా రాజు తన కొలువుకు పిలిచాడు. ఆయన వెళ్లిపోకుండా 1809లో రుడాల్ఫ్, లోబ్‌కోవిట్స్, కిన్‌స్కీ అనే ముగ్గురు ప్రభువులు కలిసి ఏటా 4,000 ఫ్లోరిన్లు ఇస్తామని రాసిచ్చారు. 1811లో ఆస్ట్రియా ప్రభుత్వం యుద్ధాల అప్పులు మోయలేక కాగితపు నాణేన్ని ఐదోవంతుకు దించింది. 1812లో కిన్‌స్కీ గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. లోబ్‌కోవిట్స్ దివాలా తీశాడు. వారసుల మీద వ్యాజ్యాలు నడిపి 1815 నాటికి 3,400కు కుదుర్చుకున్నాడు. ఫ్యూడల్ పోషణ మీదా పూర్తిగా ఆనుకోలేడు, మార్కెట్ మీదా నిలబడలేడు. ఆ మధ్యలో చెవి నానాటికీ తీసికట్టు.

ఇక పియానో. ఆనాటి పియానోకు చట్రం చెక్కది, తీగెలు సన్నవి. యౌవనంలో బీథోవెన్ దర్బారులో మొజార్ట్ రచన వాయిస్తుంటే పుటలు తిప్పడానికి కూర్చున్న మిత్రుడు రైఖా, పుటలకంటే తెగిన తీగెలను పీకి పారేయడానికే ఎక్కువ శ్రమపడ్డాడట. చెవి మందగించిన కొద్దీ వేళ్ల బలం పెరిగింది. తీగెలకు ఆయుష్షు తగ్గింది. 1814లో ఒక సాధన విన్న వయొలిన్ విద్వాంసుడు ష్పోర్ పియానో శ్రుతి పూర్తిగా చెడిపోయిందనీ, అది బీథోవెన్‌కు తెలియడం లేదనీ రాశాడు. గట్టి చోట్ల తీగెలు గణగణలాడేలా బాదుతున్నాడట. మెత్తని చోట్ల మీటలను ఎంత మృదువుగా తాకుతున్నాడంటే స్వరాల గుంపులకు గుంపులే పలకడం లేదట. శ్రుతి చేయించుకోవాలంటే శ్రుతి పోయిందని ముందు చెవికి తెలియాలి గదా!

ఆ సంవత్సరం తర్వాత ఆయన బయటి సభల్లో పియానో కచేరీలు దాదాపు మానుకున్నాడు. చేతిలో మిగిలింది రచన. 1817లో పియానోల తయారీలో ఆరితేరిన నానెట్ ష్ట్రైఖర్‌కు ఉత్తరం రాసి, తన వాద్యాన్ని వీలైనంత గట్టిగా పలికేలా సర్దించమని ప్రాధేయపడ్డాడు. ఆ ఏడాది చివర లండన్ నుంచి బ్రాడ్‌వుడ్ కంపెనీ ఆరు స్థాయిల పియానోను కానుకగా ఓడలో పంపింది. ట్రియెస్ట్ రేవులో దిగి, బండ్ల మీద కొండలు దాటి 1818లో వియన్నా చేరింది. అదే సంవత్సరం నుంచి సందర్శకులు తమ మాటలను నోటుపుస్తకాలలో రాసి ఆయనకు చూపించవలసి వచ్చింది. 1824లో ఆ బ్రాడ్‌వుడ్‌ను చూసిన ష్టుంఫ్ అనే వాద్యనిర్మాత, తెగిన తీగెలు గాలివానకు చిక్కిన ముళ్లకంపలా అల్లుకుపోయి ఉన్నాయని రాసిపెట్టాడు. తొమ్మిదవ సింఫనీ వినిపించిన సంవత్సరం అదే.

1827 మార్చి 26న బీథోవెన్ మరణించాడు. అంతకు కొద్ది రోజుల ముందు లండన్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ ఆయన కష్టం విని 100 పౌన్లు పంపింది. చనిపోయాక మిత్రులు వెతికితే రహస్యపు సొరుగులో ఏడు బ్యాంకు వాటాపత్రాలు దొరికాయి. తమ్ముడి కొడుకుకోసం అట్టిపెట్టి, ఎంత ఇబ్బందిలోనూ వాటి జోలికి పోలేదు. పాతికేళ్లనాటి హైలిగెన్‌స్టాట్ కాగితం కూడా ఆయన కాగితాల్లోనే బయటపడింది. ఇంటి సామాను వేలంలో పోయింది. బ్రాడ్‌వుడ్ పియానోను ష్పీనా అనే ప్రచురణకర్త కొన్నాడు. ఆయన నుంచి లిస్ట్‌కూ, లిస్ట్ నుంచి బుడాపెస్ట్‌లోని హంగరీ జాతీయ ప్రదర్శనశాలకూ చేరింది.