పూచీకత్తు మీద వేసిన రోడ్లు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బెల్‌ఫౌంటెన్ అని ఒక చిన్న ఊరు. 1891లో ఆ ఊరి పెద్దల దగ్గరికి జార్జ్ బార్తొలోమ్యూ అనే సిమెంటు తయారీదారు వెళ్లి, కోర్టు భవనం పక్కన ఎనిమిది అడుగుల వెడల్పు జాగా ఇస్తే సిమెంటు రోడ్డు వేసి చూపిస్తానన్నాడు. ఆ ఊరి చుట్టుపక్కల మంచి సున్నపురాయి, బంకమన్ను దొరుకుతాయని కనిపెట్టి అక్కడే సిమెంటు కంపెనీ పెట్టుకున్న మనిషి అతను. పెద్దలు ఊరికే ఒప్పుకోలేదు. సామగ్రి అంతా నువ్వే పెట్టుకోవాలన్నారు. ఐదేళ్లపాటు రోడ్డు చెడిపోదని 5,000 డాలర్లకు పూచీకత్తు రాయించుకున్నారు. అతను రాసిచ్చాడు.

రోడ్డు నిలబడింది. రెండేళ్లకు, 1893లో, కోర్టు పక్కనున్న కోర్ట్ ఎవెన్యూ అంతా సిమెంటుతోనే వేశారు. గుర్రాల గిట్టలు జారకుండా పైభాగాన్ని చిన్న చిన్న చదరాలుగా గాడి కొట్టారు. అమెరికాలో మొదటి కాంక్రీటు వీధిగా చెప్పుకునే ఆ రోడ్డు నేటికీ అక్కడ ఉంది. పక్కనే బార్తొలోమ్యూ విగ్రహం ఉంది.

నగరాల్లో రోడ్ల మాట వచ్చినప్పుడల్లా మనం ఒకటే వాదనలో పడతాం, సిమెంటు మేలా, తారు మేలా అని. ముంబై వానలకు విసిగి వీధులన్నీ సిమెంటుకు మార్చుకుంటోంది. బెంగళూరు పాత తారు రోడ్ల మీద సిమెంటు పొర పోస్తోంది, దాన్ని వైట్ టాపింగ్ అంటారు. మన ఊళ్లలోనూ సీసీ రోడ్డు పడిందంటే సమస్య తీరిపోయినట్టే లెక్క. ఈ వాదన తెగాలంటే రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

రెండింటికీ పెద్దన్న కంకర రోడ్డు. జాన్ లౌడన్ మెకాడం అనే స్కాట్లండ్ వాడు 1816లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రోడ్ల బాధ్యత తీసుకుని, చిన్నగా కొట్టిన రాళ్లను పొరలుగా పరిస్తే బళ్ల చక్రాల కిందే అవి ఒకదానితో ఒకటి బిగిసిపోతాయని నిరూపించాడు. నేలను చుట్టుపక్కల కన్నా ఎత్తు చేసి, నీళ్లు పక్కకు పోయేలా వాలు ఇవ్వాలన్నది అతని అసలు పాఠం. మన పల్లెల్లో డబ్ల్యూబీఎం రోడ్డు అంటామే, అందులో ఎం అక్షరం అతని పేరే. మోటారు కార్లు వచ్చాక ఆ కంకర నుంచి దుమ్ము రేగింది. దాన్ని అణచడానికి తారు వచ్చింది. 1902లో ఎడ్గార్ హూలీ అనే బ్రిటిష్ ఇంజినీరు టార్‌మాక్‌కు పేటెంటు తీసుకున్నాడు. మనం ఇప్పటికీ తారు అనే అంటాం కానీ, రోడ్డు మీద పోస్తున్నది బొగ్గు నుంచి తీసిన తారు కాదు, ముడిచమురు శుద్ధిలో మిగిలే బిటుమెన్.

ఇక రెండింటి స్వభావాలు వేరు. తారు రోడ్డు చాప లాంటిది. పైన లారీ ఎక్కితే కొద్దిగా వంగి ఆ బరువును కింది పొరలకు పంచుతుంది. కింద కంకర, మట్టి సరిగ్గా దిమ్మిస చేయకపోతే పైన ఎంత మంచి తారు పోసినా కుంగుతుంది. సిమెంటు రోడ్డు పలక లాంటిది. బరువును తానే మోసి విశాలంగా పంచుతుంది, వంగదు. అందుకే ఎండకు సాగడానికి, చలికి ముడుచుకోవడానికి దానికి మధ్య మధ్య కోతలు కోయాలి. ఆ కోతలు సరిగ్గా పడకపోతే పలక తనంతట తానే పగులు వెతుక్కుంటుంది.

తారుకు పగవాడు నీళ్లు. నిలిచిన నీళ్లు సందుల్లోకి దిగి రాయికీ బిటుమెన్‌కూ ఉన్న పట్టు వదిలిస్తాయి. ఆపైన ఒక్కో చక్రం ఒక్కో రాయిని లేపుకుపోతుంది. మొదట అరచేయంత గుంత, వారానికి బానంత. సిమెంటు నీళ్లకు భయపడదు. నిజానికి పుట్టిన కొత్తలో అది నీళ్లు తాగే బతుకుతుంది. పోసిన పలక మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టడం, గోనె పట్టాలు పరిచి పొద్దునా సాయంత్రం తడపడం మనమంతా చూసినవే. ఆ తడి కనీసం రెండు వారాలు ఉండాలి. మూడో రోజే ట్రాఫిక్ వదిలేస్తే ఆ రోడ్డు బలం అక్కడే ఆగిపోతుంది. తారుకూ అలాంటి గడియ ఒకటుంది. ప్లాంటులో దాదాపు 150 డిగ్రీల వేడిలో కలిపిన మిశ్రమాన్ని టార్పాలిన్ కప్పి తెచ్చి, చల్లారక ముందే రోలర్‌తో నొక్కాలి. చల్లారాక ఎన్నిసార్లు తొక్కినా అది అతకదు.

తారు రోడ్డు ఎక్కువ కాలం నిలవదని నమ్మేవాళ్లు పుణె వెళ్లాలి. 1973 వానలకు ఆ నగరంలో రోడ్లన్నీ కొట్టుకుపోయాయి. మున్సిపల్ కార్పొరేషన్ స్టాండింగ్ కమిటీకి శ్రీకాంత్ శిరోళే అనే యువకుడు అప్పుడు అధ్యక్షుడు. అంతకన్నా ఎక్కువ వాన పడే ముంబైలో కొన్ని రోడ్లు ఎలా నిలుస్తున్నాయని ఆరా తీసి, రెకాండో అనే సంస్థను పట్టుకొచ్చాడు. వాళ్లు జంగ్లీ మహారాజ్ రోడ్డును పదేళ్ల పూచీ మీద వేసి 1976లో అప్పగించారు. బాలగంధర్వ రంగమందిరం ముందు నుంచి పోయే ఆ రోడ్డు మామూలు హాట్ మిక్స్ తారు రోడ్డే. పూచీ గడువు ముగిశాక కూడా దశాబ్దాల తరబడి అది గుంత పడలేదు. పుణెలో రోడ్లు పాడైనప్పుడల్లా జనం దాన్నే చూపించి అడుగుతారు.

ఒకటి సిమెంటు, ఒకటి తారు. ఒకటి అమెరికాలో, ఒకటి మన దేశంలో, మధ్య ఎనభై ఐదేళ్లు. రెండింటిలో ఉమ్మడిగా ఉన్నది పనిచేసినవాడు కాగితం మీద పెట్టిన సంతకం. చెడిపోతే ఖర్చు తన మీద పడుతుందని తెలిసినవాడు కింద మట్టి దిమ్మిస చేయకుండా పైపొర పోయడు. నా మట్టుకు నాకు సిమెంటా, తారా అన్న వాదన అక్కడే తీరిపోయింది.

నీళ్లకు దారి, పనికి పూచీ, రోడ్డుకు ఈ రెండూ కావాలి. హైదరాబాద్ ఇందులో సగం ముందే నేర్చుకుంది. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, జలాశయాలతో పాటు నగరానికి మురుగునీటి ఏర్పాటూ ఆలోచించాడు. నీటికి దారి చూపకుండా వీధి నిలవదని ఆయనకు తెలుసు. మిగతా సగానికి చాలాకాలం పట్టింది. 2020లో నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 700 కిలోమీటర్లకు పైగా ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణ బాధ్యతతో ఏజెన్సీలకు అప్పగించింది. బెల్‌ఫౌంటెన్ పెద్దలు అడిగిన గడువూ ఐదేళ్లే. కానీ ఆ బాధ్యత పెద్ద రోడ్ల దాకానే వచ్చింది, సందుల్లోకి రాలేదు.

మా అమ్మ ఉండే వీధిలో పదిహేనేళ్లలో రెండుసార్లు సీసీ రోడ్డు వేశారు. రెండోసారి పాతదాన్ని తవ్వలేదు, దాని మీదే పోశారు. ఒకప్పుడు మెట్టెక్కి లోపలికి వెళ్లే ఇల్లు ఇప్పుడు మెట్టు దిగి వెళ్లే ఇల్లయింది. వాన మొదలైతే అమ్మ గడపకు అడ్డంగా రెండు వరసల ఇటుకలు పేర్చి, సందుల్లో పాత చీర ముక్కలు కుక్కుతుంది. వీధిలో రోడ్డు మాత్రం నున్నగా, ఒక్క గుంత లేకుండా ఉంది.

మీ వీధిలో రోడ్డు పని మొదలైన రోజున ఒక్క గంట బయట నిలబడండి. పాత పొర తవ్వుతున్నారా, నీళ్ల వాలు ఎటు ఇస్తున్నారు, చెడిపోతే ఎన్నేళ్ల దాకా ఎవరు బాగు చేయాలి అని అడగండి. ఆ మూడో జవాబును కాగితం మీద ఇమ్మనండి.