ఎనభై కిలోల బస్తా

జీడిపిక్కల వ్యాపారానికి కొలమానం ఎనభై కిలోల బస్తా. శ్రీకాకుళం జిల్లా పలాసలో రైతు ధర అడిగేది బస్తాకే. పశ్చిమాఫ్రికా రేవుల్లో ఓడకెక్కే పిక్క నాణ్యత తేల్చేదీ ఆ బస్తాతోనే. ఎనభై కిలోల పిక్కలు కొడితే ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్నదే అక్కడి లెక్క. గినీ బిస్సావు పిక్కకు అది యాభై పౌండ్లు దాటుతుంది కనుక కొనేవాళ్లు దాని కోసం పోటీ పడతారు. మ్యాపులో ఆ దేశం ఎక్కడుందో పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆ చుట్టుపక్కల ఉద్దానం రైతు చేతికొచ్చే డబ్బులో మాత్రం ఆ దేశానికీ కొంత ప్రమేయం ఉంది.

రెండు తీరాలకూ చెట్టు తెచ్చిపెట్టింది ఒకరే. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో జీడిమామిడిని గోవాకూ, ఆఫ్రికా తీరానికీ చేర్చారు. ఇసుక నేలలో, పెద్దగా నీళ్లడగకుండా బతికే చెట్టది. మహేంద్రగిరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఉద్దానానికి అచ్చంగా సరిపోయింది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, పనస, జీడి కలగలిసి పెరిగే తోటలే ఇళ్లకు ఆదాయం.

జీడికి ముందు ఈ నేలను నడిపించినవి శిస్తు, ఉప్పు, రైలు. బ్రిటిష్ వారి గంజాం జిల్లాలో టెక్కలి, మందస, పర్లాకిమిడి జమీందారీలు ఉండేవి. 1890లలో మద్రాసు, కలకత్తాలను కలిపే రైలు మార్గం వచ్చాక పలాస పెరగడం మొదలైంది. ఉప్పు మడుల నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నడిచింది. పాలన మాత్రం ప్రజలనడిగి మారలేదు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాంలోని తెలుగు ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. ఒక్క తరం వాళ్లు ఊరు కదలకుండానే మూడు జిల్లాల మనుషులయ్యారు.

అడగకుండా ఏలినా ప్రజలు ఊరుకోలేదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. అప్పటికే మందస జమీందారుకూ రైతులకూ అడవి హక్కుల మీద గొడవ నడుస్తోంది. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. నిండు గర్భిణి అయిన సాసుమాన గున్నమ్మ ఆ తూటాలకు బలయింది. ఉద్దానం ఆమెను వీరగున్నమ్మగా నిలుపుకుంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి గాని, భూమి గొడవలు పోలేదు. అరవయ్యో దశకం చివర శ్రీకాకుళ సాయుధ పోరాటం కొండల నుంచి ఉద్దానానికీ దిగింది. బొడ్డపాడు మనిషి పంచాది కృష్ణమూర్తి, ఆ ఊరి గుడిలో పూజారిగా ఉంటూ జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి, ఇద్దరూ ఆ పోరాటంలోనే 1969లో చనిపోయారు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే అట్లాంటిక్ ఒడ్డున పోర్చుగీసు గినీలోనూ, అంటే నేటి గినీ బిస్సావులోనూ, తుపాకులు మోగుతున్నాయి. అక్కడి నాయకుడు అమిల్కార్ కాబ్రాల్ వృత్తి రీత్యా వ్యవసాయ శాస్త్రవేత్త. 1953లో పోర్చుగీసు ప్రభుత్వ ఉద్యోగిగా ఊరూరా తిరిగి ఆ దేశపు మొదటి వ్యవసాయ గణన చేశాడు. ఏ పల్లెలో ఏం పండుతుందో, ఎవరు ఏం తింటారో తెలిసిన మనిషి ఉద్యమం నడిపితే దాని తీరే వేరు. 1963లో మొదలైన యుద్ధం పదేళ్లు దాటింది. 1973 జనవరిలో కాబ్రాల్‌ను హత్య చేశారు. ఆ సెప్టెంబరు 24న దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, మరుసటి ఏడు పోర్చుగల్ ఒప్పుకుంది. కాబ్రాల్ లెక్కలు రాసిన రోజుల్లో ఆ దేశం బయటికి పంపింది ముఖ్యంగా వేరుశనగ. తిండికి వరి సొంతంగా పండించుకునేది.

జీడి ముంచెత్తింది 1980ల తర్వాత. ఇప్పుడు ఎగుమతుల్లో తొంభై శాతం దాకా జీడిపిక్కలే. దాదాపు అంతా పెంకుతో సహా భారత్‌కూ వియత్నాంకూ వెళుతుంది. పల్లెల్లో పిక్కకు బదులు దిగుమతి బియ్యం ఇచ్చే మారకం చాలాకాలం సాగింది. వరి పొలాలు వదిలి తోటలు వేసిన రైతు బియ్యం కోసం పిక్క అమ్ముకోవాల్సి వచ్చిందన్నమాట. ప్రభుత్వ ఖజానా నిండేదీ పిక్క ఓడెక్కినప్పుడే. అందుకే సీజనుకు ముందు కనీస ధర ప్రకటించడం అక్కడ పెద్ద రాజకీయ ఘట్టం. 2018లో కిలోకు వెయ్యి సీఎఫ్ఏ ఫ్రాంకులని ప్రకటిస్తే వ్యాపారులు కొనకుండా బిగదీశారు. ప్రభుత్వాలేమో నిలకడగా ఉండవు. 1980లో సైనిక తిరుగుబాటు, 1998లో అంతర్యుద్ధం, 2009లో అధ్యక్షుడి హత్య, 2012లో మరో తిరుగుబాటు, 2025 నవంబరులో ఇంకొకటి.

ఇంతా చేసి ఆ దేశ జనాభా ఇరవై లక్షల పైచిలుకు. 2022 పునర్విభజన తర్వాత మిగిలిన శ్రీకాకుళం జిల్లాలో, 2011 లెక్కల ప్రకారమే, సుమారు ఇరవై రెండు లక్షలు. అంటే ఒక జిల్లా కలెక్టరు చూసుకునేంత జనానికి అక్కడ ఒక సైన్యం, ఒక పార్లమెంటు, ఒక ఖజానా. ఇక్కడ ఆ విభజనలోనే పలాసకు కొత్త రెవెన్యూ డివిజన్ దక్కింది. అంతకు ముందు 2009 ఎన్నికల నాటికే సోంపేట నియోజకవర్గం పోయి పలాస వచ్చింది. పాలన పటంలో పలాస పేరు పెద్దదవుతూ రావడం వెనుక జీడి ఫ్యాక్టరీల బరువు ఉంది.

రెండు వందలకు పైగా ఉన్న ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. పిక్కను కాల్చడమో ఆవిరి పట్టించడమో చేసి, పగలగొట్టి, పప్పు ఆరబెట్టి, పైపొర ఒలిచి, గుండు వేరు, బద్ద వేరు చేసి, సైజు వారీగా డబ్బాలకెక్కిస్తారు. పౌండుకు 180 తూగితే పెద్ద పప్పు, 320 తూగితే మామూలు రకం. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని తినేస్తుంది, కొన్నేళ్లు కొట్టిన చేతిని చూస్తే చెప్పక్కర్లేదు. ఏడాది పొడవునా ఈ పని సాగాలంటే ఉద్దానం పంట చాలదు. ఇక్కడి కోత వేసవితో అయిపోతుంది. ఆ వెలితి పూడ్చేది ఆఫ్రికా పిక్క.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొత్తగా నాటిన జీడి కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు, కొబ్బరికి అంతకంటే ఎక్కువ. ఈలోగా కుటుంబాలు గడిచేదెలా? ఉద్దానం మగవాళ్లకు వలస కొత్త కాదు. పైగా కారణం ఇదీ అని ఇంకా తేలని కిడ్నీ జబ్బు ఇళ్లను తోటల కంటే ముందే కూల్చింది. వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చే పథకానికీ, 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన కిడ్నీ ఆసుపత్రికీ దశాబ్దాలు పట్టింది. తోట, ఊరు, ఆరోగ్యం మూడూ ఒకదానిమీద ఒకటి ఆధారపడిన చోట ప్రభుత్వం ఇంత ఆలస్యంగా రావడం తేలిగ్గా మరిచిపోయే సంగతి కాదు.

బస్తాకు పదహారు వేలు ఇవ్వాలని ఇటీవలి ఏళ్లలో ఉద్దానం రైతులు రోడ్డెక్కారు. దిగుమతి పిక్క మీద సుంకం పెంచితే తమ ధర నిలబడుతుందని వాళ్ల వాదన. 2018 బడ్జెట్‌లో కేంద్రం ఆ సుంకాన్ని ఐదు నుంచి రెండున్నర శాతానికి తగ్గించింది. ఫ్యాక్టరీలకు కావలసింది ఆ తగ్గింపే. తోట ఉన్న ఇంటి మగవాడు పిక్క ధర పెరగాలంటాడు, అదే ఇంటి ఆడమనిషి కూలికెళ్లే ఫ్యాక్టరీ చవక పిక్క మీద నడుస్తుంది. ఈ చిక్కుముడిని పార్టీలేవీ సూటిగా ముట్టుకోవు, ఎటు లాగినా ఓట్లు పోతాయి.

ముడి విప్పే పని బహుశా ఆఫ్రికాయే మొదలుపెట్టింది. 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్క ఎగుమతి ఆపాలని బెనిన్ నిర్ణయించింది. తమ పప్పు తామే తీసుకుంటామని అక్కడ పారిశ్రామిక వాడలో ఫ్యాక్టరీలు పెట్టించింది. గినీ బిస్సావు అంత దూరం రాలేదు. అక్కడ కరెంటు, అప్పు, రాజకీయ నిలకడ మూడూ కరువే. వచ్చిననాడు ఉద్దానం బస్తాకు గిరాకీ పెరగవచ్చు, కాశీబుగ్గ షెడ్లలో కొన్నిటికి తాళాలూ పడవచ్చు. టెక్కలికి దగ్గరలో, సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన రేవు పూర్తయితే ఆఫ్రికా పిక్కకు దారి తగ్గుతుంది. పప్పు బయటికి పంపడానికీ అదే దారి.