ఎవరూ నీళ్లు పోయని పూలు

ఫాల్గుణం సగం దాటింది. పొద్దున ఎనిమిదికే కుందుర్పి కొండరాళ్లు వేడెక్కాయి. ఊరి అంచున కొత్తగా కట్టిన ఇంటి వెనక, చదును చేసిన ఎర్రమన్నులో మనం నిలబడి ఉన్నాం. ఐదు సెంట్ల జాగా. ఒక పక్క గోడ, ఒక పక్క ముళ్లకంప, ఎదురుగా పాతకోటను నెత్తిన పెట్టుకున్న కొండ. గోడవారన నీళ్ల డ్రమ్ము, దాని పక్కన గిన్నెలు తోమే బండ. ఈ తోటకు దక్కే నీళ్లన్నీ ఆ రెండు చోట్ల నుంచే రావాలి.

"వచ్చే ఏడాది ఉగాదికి ఈడంతా రంగులు కనబడల్లన్నా" అంటుంది ఇంటావిడ. ఫోన్లో దాచుకున్న బొమ్మలు చూపిస్తుంది. చలిదేశాల వసంతం అది. మంచు కరిగిన నేలలోంచి దుంపలు మొలిచి, వరసలు వరసలుగా పూసిన పూలు. చూడముచ్చటగానే ఉన్నాయి. కానీ వాటికి చలి కావాలి, కరిగిన మంచు తడి కావాలి. మన కాళ్ల కింద నేలను చెప్పుతో గీరితే దుమ్ము లేస్తోంది.

అరుగు మీద కూర్చొని చింతపండు గింజ తీస్తున్న అవ్వ తలెత్తకుండానే అంటుంది: "ఆ బొమ్మలు పక్కన బెట్టి కొండకు పోయి సూడండి. ఎవురూ నీళ్లు పోయకుండా ఏం పూసిందో అది ముందు పెట్టుకోండి. మిగిలినేవి నువ్వు కడవ మోసేదాన్ని బట్టి."

ఈ నేలకు ఇంతకన్నా మంచి సలహా ఏ నర్సరీలోనూ దొరకదు. పదండి, కొండకే పోదాం.

బాట గులకరాళ్ల మీదుగా ఎక్కుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని ఇటు వస్తాయి. ఈశాన్యపు మేఘాలు అందడానికి ఈ సీమ తీరానికి మరీ దూరం. రెంటి మధ్యా అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ పడేది సెప్టెంబరులో. డిసెంబరు దాటాక ఆకాశం నుంచి ఆశించేది ఏమీ ఉండదు. అంటే ఇక్కడ వసంతంలో పూసే ప్రతి పువ్వూ ఆరు నెలల కిందటి వాన మీద బతుకుతోందన్నమాట. వేళ్లలోనో, మానులోనో దాచుకున్న చెట్టుకే ఇప్పుడు పూసే శక్తి ఉంటుంది.

అదిగో, గట్టు మలుపులో మోదుగ. ఒక్క ఆకు లేదు. వంకరటింకర కొమ్మల నిండా నారింజ రంగు. ఆకు ఉంటే దాని గుండా నీరు ఆవిరైపోతుంది కాబట్టి చెట్టు ముందు ఆకు రాల్చేసింది, ఆ తర్వాత పూతకు దిగింది. కింద రాలిన పువ్వు ఒకటి అరచేతిలో పెట్టుకొని చూడండి. తొడిమ దగ్గరి గిన్నె నల్లగా, ముట్టుకుంటే మఖమల్‌లా ఉంటుంది. అందులోంచి చిలకముక్కులా వంగిన రేక. రేక మీద వెలుగు పడేట్టు తిప్పితే సన్నని వెండి నూగు మెరుస్తుంది. అడుగున ఇంకా ఒక తేనెబొట్టు. దానికోసమే పైన గోరింకలు, తేనెపిట్టలు కొమ్మ కొమ్మకూ దూకుతున్నాయి. వాటికి దూరం నుంచి కనబడాలంటే పువ్వుకు ఆకు అడ్డం లేకపోవడమే మేలు.

ఇంకాస్త పైన, రెండు బండల సందులో మట్టి ఉందో లేదో తెలియని చోట కొండగోగు. అదీ మోడే. కొమ్మ చివర్లలో అరచేయంత పసుపుపచ్చ పూలు. బాట పక్కనంతా తంగేడు. దాని కథ వేరు: ఆకు నిలుపుకొని, ఏడాదిలో ఎక్కువ భాగం ఏదో ఒక రెమ్మకు పూస్తూనే ఉంటుంది. మేకల మంద ఇప్పుడే ఈ దారిన పోయింది, గిట్టల గుర్తులు తాజాగా ఉన్నాయి. పక్కనున్న రేగుపొద చివర్లన్నీ కొరికేశాయి, తంగేడును ముట్టలేదు. కంచె సరిగా లేని పెరటికి ఈ ఒక్క గుణమే చాలు.

ఇక్కడ నిలబడి కిందికి చూస్తే, తోట వేసేవాళ్లు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటి తెలుస్తుంది. నేల ఎరుపు, రాయి బూడిద రంగు, ఆకాశం నీలం. రంగు దేనిమీద పడుతుందో చూడకుండా పూలు ఎంచుకోకూడదు. ఎర్రమన్ను మీద మోకాలెత్తు ఎర్రపువ్వు పదడుగుల దూరంలోనే నేలలో కలిసిపోతుంది. తంగేడు పసుపు మాత్రం అంత దూరం నుంచీ పట్టపగలు దీపం పెట్టినట్టు కనబడుతోంది. మోదుగ కెంపు నిలిచింది వెనక నీలం ఉంది కాబట్టే. అందుకే నా లెక్క ఇది: ఎరుపూ నారింజా తలకు పైన, ఆకాశం మీద. తెలుపూ పసుపూ నీలమూ కింద, మన్ను మీద.

దిగి వచ్చేసరికి ఇంటి ముందు నర్సరీ బండి ఆగి ఉంది. కల్యాణదుర్గం మీదుగా ఊరూరా తిరిగే బండి. మొక్కలు కడియం నుంచి తెచ్చానంటాడు నడిపే అబ్బాయి. గోదావరి ఒడ్డున కడియం చుట్టుపక్కల ఊళ్లు మొక్కలకు దేశమంతా పేరు మోసినవి, ఇక్కడిదాకా రావడంలో వింత లేదు. ఇంటావిడ చేయి నేరుగా ముద్ద గులాబీ మీదికి పోతుంది. తర్వాత మందారం మీదికి. రెండూ ఎండకు వాడి, రోజూ నీళ్లు అడిగేవే.

ఒక కవరు చింపి చూద్దాం. వేళ్ల చుట్టూ నల్లని బంకమన్ను, గట్టి ముద్ద. దీన్ని ఇలాగే ఈ గరుకునేలలో దించితే, పైన పోసిన నీరు ముద్దను తప్పించుకొని చుట్టూ ఉన్న వదులు మన్నులోకి జారిపోతుంది. ముద్ద ఎండి ఇటుకవుతుంది, వేరు దాన్ని దాటి బయటికి రాదు. మొక్క చచ్చిపోయాక అందరూ ఎండను తిడతారు. నాటే ముందు ముద్దను నీళ్లలో నానబెట్టి, అంచులు వేళ్లతో మెల్లగా వదులు చేసి, కొంచెం ఊరి మన్ను కలిపితే వేరు కొత్త నేలను అలవాటు చేసుకుంటుంది.

బండిలోంచి మనం దించుతున్నది కాగితపూల తీగ. నీళ్లు తగ్గితేనే ఎక్కువ పూసే గుణం దానిది. రోజూ తడిపితే ఆకే ఆకు. మనం పువ్వు అనుకునే గులాబీరంగు రేకలు నిజానికి రంగు మారిన ఆకులు, అసలు పువ్వు వాటి మధ్య తెల్లగా, అగ్గిపుల్ల తలంత ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి రాయలసీమ గోడల మీద ఇంత హాయిగా కుదురుకున్న తీగ మరొకటి లేదు. గోడకు అదే. రంగు ముదురు గులాబీనే తీసుకుందాం, సున్నం కొట్టిన గోడ మీద బాగా తేలుతుంది.

"గన్నేరు పెట్టుకుందామా?" అంటుంది ఆమె. పెట్టుకోవచ్చు, కరువుకు తట్టుకోవడంలో దాని తర్వాతే ఏదైనా. కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. గాటిపాడు దగ్గర, పిల్లలాడే చోట వద్దు. వీధివైపు మూల ఒక తెల్లది, అంతే.

దేవగన్నేరుకు డబ్బు పెట్టే పని లేదు. గుడి దగ్గరో, చుట్టాలింట్లోనో మోచేతి పొడవు కొమ్మ అడిగి తెచ్చుకోండి. కోసిన చోట పాలు కారతాయి. నీడలో వారం పది రోజులు పడేసి ఆ గాయం ఎండనివ్వాలి, పచ్చిగా నాటితే కుళ్లుతుంది. కొమ్మలోనే నీరు దాచుకునే మొక్క కాబట్టి మోడుగా ఉండి కూడా పూస్తుంది, తెల్లని రేకల మధ్య పసుపు. వచ్చే ఏడాది ఉగాదికే పువ్వు కావాలన్న ఈమె కోరిక తీర్చే అవకాశం దీనికీ, కాగితపూలకూ, నేలబారున బిళ్లగన్నేరుకూ ఉంది. కంచె మీదికి నాలుగు శంఖపూల గింజలు వేస్తే నీలం కూడా వస్తుంది.

చెట్ల దగ్గర తొందరపడకూడదు. బండి అబ్బాయి తురాయి మొక్క చూపించి, తొందరగా ఎదుగుతుందంటాడు. నిజమే, వేసవిలో దాని ఎరుపుకు సాటి లేదు. కానీ ఈ పీఠభూమి ఆషాఢపు గాలి మామూలుది కాదు, గాలిమరలు ఊరికే పాతలేదు ఈ జిల్లాలో. తురాయి కొమ్మ పెళుసు, వేరు పైపైనే పాకుతుంది. పదేళ్ల తర్వాత ఇంటిమీద పడే చెట్టు అది. ఇంటి వెనక నేను ఒప్పుకోను.

రేల పెట్టాలని నాకెంతో ఇష్టం. చైత్రం దాటాక బంగారు గొలుసుల్లా వేలాడే ఆ పూతను వద్దనడం కష్టం. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. కుందుర్పి కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మేత దొరక్క ఊళ్లోకి దిగుతాయి. రేలకాయలోని తీపి గుజ్జు వాటికి ప్రాణం. నేరేడూ అంతే. కొండ కింది పెరట్లో ఆ రెండూ పెంచడం పొరుగువాళ్లకు కూడా మంచిది కాదు. ఊరి మధ్య బడి ఆవరణలో అయితే రేల వేయండి, ఇక్కడ వద్దు.

మరి మిగిలిందేమిటి? పడమటి ఎండకు అడ్డంగా ఒక కానుగ. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, రాల్చిన కొద్ది రోజులకే అద్దంలా మెరిసే లేతాకు తొడుగుతుంది. ఊరంతా ఎండిన వేళ అంతటి పచ్చదనం కూడా రంగే, దానికి పేరు పెట్టి లెక్కలో రాసుకోవాలి. ఆ నీడ ఉంటేనే ఎప్పటికైనా దాని కింద కనకాంబరం నిలుస్తుంది. వాకిట్లో వేప ఎలాగూ ఉంది, పచ్చడికి పూత అదే ఇస్తుంది. కొండవైపు చివరన మోదుగ. ఎదగడం చాలా నిదానం, పూత చూడటానికి ఏళ్లు పడుతుంది. అయినా ఆమె వెంటనే ఒప్పుకుంది, "నా కూతురు సూస్తాది లేన్నా" అంటూ.

కంప స్థానంలో గ్లైరిసీడియా కొమ్మలు నాటమన్నాను. జిల్లాలో చేలగట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచుతారు. ఆకు రాలిన కొమ్మల పొడవునా లేత గులాబీ పూత వస్తుందని చాలామంది గమనించనే గమనించరు.

ఇప్పుడు నాటేది మాత్రం ఏమీ లేదు. కాగితపూల తీగ కూడా వేప నీడలో కవర్లోనే ఉంటుంది. ఎండాకాలంలో గుంతలు తీసి పెట్టుకోవాలి, రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. ఎండకు గుంత బాగా కాగాక చెరువుమట్టి, పశువుల ఎరువు, చెదలకు వేపపిండి కలిపి నింపాలి. నాటాక పై తడి ఆరకుండా మొదలు చుట్టూ శనక్కాయ పొట్టు పరచాలి. ఉత్తర కార్తెలో, నేల లోపలిదాకా నానిన రోజున నాటితే మొక్కకు చలికాలమంతా వేరు దించుకునే వ్యవధి దొరుకుతుంది. మొదటి వేసవికి ఒక్కో చెట్టు పక్కన కాల్చిన మట్టికడవ మెడదాకా పాతిపెట్టి, నింపి మూత పెడితే చాలు, నీరు గోడల గుండా ఊరి వేరుకు అందుతుంది.

"గిన్నెలు తోమే నీళ్లో?" అంటుంది అవ్వ.

అది మల్లెకు. ఇన్ని లెక్కలు చూసుకున్న పెరట్లో ఒక్క మల్లెచెట్టుకైనా అడిగినన్ని నీళ్లు ఇవ్వకపోతే ఎట్లా? బండ పక్కనే, నీరు పారే వాలులో గునపంతో గీత గీస్తున్నాను. ఇంటావిడ వచ్చి గీతను రెండడుగులు జరిపించింది. కిటికీకి దగ్గరగా.