దండులో కలరా నేర్పిన పాఠం

సైనికుడికి శత్రువు ఎవరు అనగానే ఎదుటి సైన్యమే గుర్తుకొస్తుంది. కాని పందొమ్మిదో శతాబ్దపు భారతదేశంలో తూటాల కంటే రోగాలే ఎక్కువ మంది సైనికుల ప్రాణాలు తీశాయి. 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక ప్రకారం ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది మరణించేవారు.

కారణం ఊహించడం కష్టం కాదు. బ్యారక్‌లో పక్కపక్కనే మంచాలు. అందరికీ అవే బావులు, అవే వంటశాలలు. 1861లో లాహోరు దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో కలరా వందల మందిని బలిగొంది. దీనిపై జాన్ స్ట్రాచీ అధ్యక్షతన విచారణ జరిగింది. క్రమంగా ఒక పద్ధతి స్థిరపడింది: విడిది స్థలాలను ముందే ఎంచుకోవాలి, కలరా కనబడగానే దళం బ్యారక్ వదిలి అక్కడికి తరలాలి.

అప్పట్లో చాలామంది వైద్యులు చెడుగాలే రోగకారణమని నమ్మేవారు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854లోనే చూపినా, ఆ మాట అందరికీ ఎక్కలేదు. అయినా విడిది మార్చడం కొన్నిసార్లు ఫలించింది. ఎందుకు? కలుషితమైన బావి వెనకే ఉండిపోయింది కనుక! రోగి కూడా వెంట వస్తే మాత్రం కలరా కొత్త చోటికీ చేరేది.

ఈ ఏర్పాటులో పెద్ద లోపం ఒకటుంది. దండు బజారులోని వంటవాళ్లను, నీళ్లు మోసే బిస్తీలను రోగానికి మూలంగా చూశారే తప్ప, సైనికులతో సమానంగా కాపాడవలసిన వారిగా చూడలేదు. కాని క్రిమికి హోదాలు తెలియవు.

నేటి అభ్యాసాలు ఈ లోపాలనే వెదుకుతాయి. అధికారులు, వైద్యులు ఒకచోట కూర్చుంటారు. వారి ముందు ఒక కల్పిత పరిస్థితి ఉంచుతారు: పదిమందికి విరేచనాలు పట్టుకున్నాయి, వైద్యాధికారి సెలవులో ఉన్నారు. నీటిని ఎవరు ఆపించాలి? పక్క ఊరికి ఎవరు కబురు చేయాలి? జవాబు తడబడిన చోటే ప్రణాళికను సరిదిద్దుతారు.

2021 డిసెంబరులో పుణెలో బిమ్‌స్టెక్ దేశాల కోసం భారత సైన్యం ‘పానెక్స్-21’ నిర్వహించింది. మహమ్మారి నడుమ ప్రకృతి విపత్తు వస్తే ఏం చేయాలన్నదే దాని అంశం.

అభ్యాసంలో జరిగిన పొరపాటుకు దిద్దుబాటు చాలు. అదే పొరపాటుకు మియాన్ మీర్ వంటి చోట ప్రాణాలే మూల్యం. మరి మీ హాస్టల్లో రేపు పదిమందికి ఒకేసారి జ్వరం వస్తే మొదట ఎవరు, ఏం చేయాలో మీకు తెలుసా?