5 అక్షరాల ఇంగ్లీష్ పదాలు: చివర్లో 'ఐజీహెచ్‌టీ' వచ్చేవి ఇవే.. వర్డిల్‌లో స్ట్రీక్ పోకుండా ఈ ట్రిక్!

వర్డిల్ ఆడేవాళ్లకు బాగా తెలిసిన సీన్ ఇది. మొదటి ఛాన్స్‌లోనే నాలుగు గళ్లు ఆకుపచ్చగా మారిపోతాయి. ఇంకొక్క అక్షరమే కదా, పని అయిపోయినట్టే అనుకుంటారు. కట్ చేస్తే.. మిగతా ఐదు ఛాన్సులూ అయిపోతాయి, నెలల తరబడి కాపాడుకున్న స్ట్రీక్ సున్నాకు వచ్చేస్తుంది. ఇలా దెబ్బకొట్టే వాటిలో ముందు వరుసలో ఉండేవి చివర్లో ఐ, జీ, హెచ్, టీ వచ్చే ఐదక్షరాల పదాలు. ఆ పదాలేంటి, వాటి అర్థాలేంటి, తప్పించుకునే దారేంటి.. చూద్దాం.

ముందుగా కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ జోష్ వార్డిల్ తయారుచేసిన ఈ గేమ్ 2021 అక్టోబర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ దీన్ని కొనేసింది. రోజుకు ఒకటే పదం, ఆరు ఛాన్సులు. అక్షరం సరైన గడిలో ఉంటే ఆకుపచ్చ, పదంలో ఉంది కానీ వేరే గడిలో ఉంటే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు.

ఇక పదాల సంగతి. చివరి నాలుగు అక్షరాలు మారవు కాబట్టి మొదటి అక్షరం గుర్తుంటే చాలు.

ఎల్ పెడితే లైట్. వెలుతురు, దీపం, తేలికైనది అనే అర్థాలున్నాయి. మనవాళ్లు 'లైట్ తీస్కో' అనేది ఈ తేలిక అనే అర్థంలోనే. ఎన్ పెడితే నైట్, అంటే రాత్రి. ఆర్ పెడితే రైట్. సరైనది, కుడివైపు, హక్కు.. మూడూ ఇదే పదం. బస్సు కదలాలంటే కండక్టర్ చెప్పే 'రైట్ రైట్' కూడా ఇదే. ఎఫ్‌తో ఫైట్, అంటే పోరాటం, కొట్లాట. ఎం‌తో మైట్. దీనికి బలం అనే అర్థం ఒకటి, 'జరగొచ్చు, జరగకపోవచ్చు' అనే అనుమానం ఇంకొకటి.

ఎస్‌తో సైట్ దగ్గర చాలామంది తడబడతారు. ఇది చూపు, కనిపించే దృశ్యం. 'సైట్ కొట్టడం'లో ఉన్నది ఈ సైటే. ఊరి బయట కొనుక్కునే సైట్ మాత్రం వేరు, దాని స్పెల్లింగ్‌లో జీహెచ్ ఉండదు, పైగా నాలుగే అక్షరాలు. టీ‌తో టైట్, అంటే బిగుతైన, కట్టుదిట్టమైన.

చివరిది ఈ పెడితే వచ్చే ఎయిట్, అంటే ఎనిమిది. టూ వీలర్ లైసెన్స్ కోసం 'ఎయిట్ వేసిన' వాళ్లెవరూ ఈ పదాన్ని మర్చిపోలేరు. కానీ వర్డిల్‌లో మర్చిపోతారు! ఎందుకంటే గుంపులో సౌండ్ మారేది ఇదొక్కటే. లైట్, నైట్, ఫైట్ అని ప్రాస కలుపుకుంటూ వెళ్లేవాళ్లకు ఇది తట్టదు.

అరుదైనవి మరో రెండు. బీ‌తో బైట్ అంటే సముద్ర తీరం లోపలికి వంగిన విశాలమైన ఒంపు. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్ పేరు ఇందులోంచే వచ్చింది. తాడు మధ్యలో వేసే ఒంపును కూడా ఇలాగే పిలుస్తారు. కొరకడం అనే బైట్‌తో దీనికి సంబంధం లేదు. డబ్ల్యూ‌తో వైట్ అంటే మనిషి, జీవి అనే పాతకాలపు పదం. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూసినవాళ్లకు చచ్చి లేచే వైట్స్ గుర్తుండే ఉంటాయి.

అసలు పలకని జీహెచ్‌ను అక్కడ ఎందుకు పెట్టారన్న డౌట్ రావడం సహజం. ఒకప్పుడు ఇంగ్లీష్‌వాళ్లు అక్కడ 'ఖ్' లాంటి శబ్దం పలికేవారు. తర్వాత శబ్దం పోయింది, స్పెల్లింగ్ మాత్రం మిగిలిపోయింది. జర్మన్‌లో ఇప్పటికీ రాత్రిని 'నాఖ్ట్' అంటారు, ఎనిమిదిని 'ఆఖ్ట్' అంటారు. కార్తీక మాసంలో పగలంతా ఉపవాసం ఉండి రాత్రి భోజనం చేసేవాళ్లు 'నక్తం ఉన్నాం' అంటారు కదా.. ఆ సంస్కృత నక్తం, ఇంగ్లీష్ నైట్ ఒకే మూలం నుంచి వచ్చిన పదాలు. ఎయిట్‌కు, అష్టకు ఉన్నది కూడా ఇదే చుట్టరికం.

సరే, స్ట్రీక్ కాపాడుకోవడం ఎలా? మొదటి ఛాన్స్‌లో లైట్ కొట్టారు, మొదటి అక్షరం తప్ప అన్నీ ఆకుపచ్చ అయ్యాయి అనుకుందాం. అరుదైనవి వదిలేసినా ఇంకా ఏడు పదాలున్నాయి, చేతిలో ఐదే ఛాన్సులు. ఒక్కో పదం కొట్టుకుంటూ పోతే లెక్క సరిపోదు. కాబట్టి రెండో ఛాన్స్‌లో ఆన్సర్ కోసం చూడకుండా 'ఫర్మ్స్' కొట్టాలి. స్పెల్లింగ్ గుర్తుపెట్టుకోవడం ఈజీ.. ఎఫ్ఐఆర్ పక్కన ఎం, ఎస్. దీంతో ఎఫ్, ఆర్, ఎం, ఎస్ నాలుగూ ఒకేసారి టెస్ట్ అయిపోతాయి. ఐ ఎలాగూ ఆకుపచ్చే. మిగతావాటిలో దేనికి రంగు వస్తే అదే మొదటి అక్షరం, మూడో ఛాన్స్‌లో ఆట ముగుస్తుంది.

దేనికీ రంగు రాలేదా? మూడో ఛాన్స్‌లో టీ, ఈ, ఎన్, ఓ, ఆర్ కలిపి 'టెనర్' కొట్టండి. సంగీతంలో మగవాళ్ల పై స్థాయి గొంతును టెనర్ అంటారు. ఈ వెలిగితే ఎయిట్, ఎన్ వెలిగితే నైట్. టీ విషయంలో మాత్రం జాగ్రత్త. ఆన్సర్ చివర టీ ఉంది కాబట్టి అది పసుపు ఎలాగూ అవుతుంది. ఆకుపచ్చ అయితేనే టైట్ అని అర్థం. ఈ మూడూ కాకపోతే అప్పుడు బైట్, వైట్ ట్రై చేయొచ్చు. అప్పటికీ మూడు ఛాన్సులు మిగిలే ఉంటాయి.

అయితే హార్డ్ మోడ్‌లో ఆడేవాళ్లకు ఈ ట్రిక్ పనిచేయదు. తెలిసిన అక్షరాలను ప్రతి ఛాన్స్‌లోనూ వాడి తీరాలన్నది అక్కడి రూల్. నాలుగు గళ్లు ఫిక్స్ అయ్యాక మిగిలేది లక్ ఒక్కటే. అందుకే హార్డ్ మోడ్‌లో లైట్, నైట్ లాంటి పదాలతో ఆట మొదలుపెట్టకపోవడమే బెటర్.

ఏటీసీహెచ్‌తో ముగిసే క్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్, బ్యాచ్ కూడా ఇలాంటి గుంపే. ఓయూఎన్‌డీతో వచ్చే సౌండ్, రౌండ్, పౌండ్ మరో గుంపు. అందులో డబ్ల్యూ పెడితే వచ్చే పదాన్ని 'ఊండ్' అని పలికితే గాయం, 'వౌండ్' అని పలికితే చుట్టిన అని అర్థం. అక్కడ కూడా ట్రిక్ ఇదే.. నాలుగు మొదటి అక్షరాలను ఒకే పదంలో పెట్టి టెస్ట్ చేసేయడం.