నీళ్ళ నడకకు లెక్క కట్టిన ఓల్గా

మన విశాఖ బీచిలో అలల అంచున నిలబడితే కాళ్ళకింద ఇసుక జారిపోతుంది చూడండి. ఆ ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంబడే నడుస్తుంది. అది రేవు నోట్లో పడకుండా, 1933లో తెరిచిన మన ఓడరేవును కట్టే రోజుల్లోనే, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశారు. అయినా డ్రెడ్జర్లకు ఇసుక తోడే పని తప్పలేదు. నీళ్ళు ఎలా కదులుతాయో ముందే లెక్క కట్టగలిగితే ఎంత బాగుండును అనిపిస్తుంది కదూ!

ఆ లెక్కతోనే జీవితం గడిపిన ఒకావిడ కథ ఇది. ఓల్గా లదీజెన్‌స్కయా. పేరుకు నోరు తిరగదు గాని, దేశం మనకు కొత్తది కాదు. మన ఉక్కు కర్మాగారానికి చేయూతనిచ్చిన సోవియట్ దేశమే.

1922 మార్చి 7న కొలోగ్రివ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి లెక్కల మేష్టారు. వేసవి సెలవుల్లో ముగ్గురు కూతుళ్ళనూ కూర్చోబెట్టి, సిద్ధాంతం ఏమిటో చెప్పి, రుజువు మీరే చేయండి అనేవాడు. అక్కల కంటే చిన్నదైన ఓల్గాకే అది బాగా పట్టుబడింది.

1937లో ఆ తండ్రిని పట్టుకుపోయి చంపేశారు. "ప్రజాశత్రువు" అని ముద్ర వేశారు. అక్కల చదువులు మధ్యలో ఆగిపోయాయి. ఓల్గాను స్కూలు వరకు చదవనిచ్చారు గాని, 1939లో పరీక్షలు చక్కగా రాసినా లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయం తలుపు తెరవలేదు. మార్కులు చాలక కాదు, తండ్రి పేరు వల్ల. యుద్ధం వచ్చింది. అనాథ పిల్లలకు పాఠాలు చెప్పింది. తర్వాత సొంత ఊరు చేరి, తండ్రి పనిచేసిన స్కూల్లోనే లెక్కలు చెప్పింది. ఆ గదిలో, ఆ నల్లబల్ల ముందు మొదటిరోజు నిలబడ్డప్పుడు ఆ పిల్ల మనసు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. చివరికి ఒక విద్యార్థి తల్లి పూనుకుంటే 1943లో మాస్కో విశ్వవిద్యాలయంలో సీటు దొరికింది. డాక్టరేటు పరిశోధన 1951కే పూర్తయినా, పట్టా కోసం స్టాలిన్ పోయేదాకా, అంటే 1953 దాకా ఆగవలసి వచ్చింది. తండ్రి నిర్దోషి అని 1956లో ప్రకటించారు. ఏం లాభం లెండి!

ఇక ఆమె లెక్క. బెల్లం పాకం ఒకలా పారుతుంది, మంచినీళ్ళు ఒకలా పారతాయి. ఆ చిక్కదనాన్ని కూడా కలుపుకొని ప్రవాహానికి సమీకరణాలు రాసినవాళ్ళు ఫ్రాన్సులో నావియే (1822), ఇంగ్లండులో స్టోక్స్ (1845). ఇంజనీర్లు వాటిని వాడుతూనే ఉన్నారు. కాని ఈ క్షణాన నీళ్ళు ఎలా ఉన్నాయో తెలిస్తే, ఆపైన ఎల్లకాలానికీ ఒకే ఒక్క జవాబు వస్తుందా, లేక మధ్యలో లెక్క చెడి వేగం అంతులేకుండా పోతుందా? లోతుతో మార్పు లేకుండా పొడవు వెడల్పుల్లోనే కదిలే ప్రవాహానికి, చుట్టూ గట్లున్నా సరే, జవాబు ఎప్పటికీ చెడదని 1950ల చివర్లో ఓల్గా రుజువు చేసింది. 1961లో దానిమీద పుస్తకం రాసింది. రెండేళ్ళకే అది ఇంగ్లీషులోకి వెళ్ళింది.

లోతు కూడా కలిస్తే మాత్రం, అంటే మన సముద్రం లాంటిదైతే, ఇప్పటికీ ఎవరికీ తేలలేదు. 2000లో అమెరికాలోని క్లే సంస్థ దీనికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ సొమ్ము అలాగే ఉంది.

పెళ్ళి చేసుకుంది గాని, పిల్లలు కావాలన్న భర్తకూ, లెక్కలు వదలనన్న ఈమెకూ కుదరలేదు. విడిపోయారు. తప్పెవరిదని మనం తీర్పు చెప్పనక్కరలేదు. కవయిత్రి అన్నా అహ్మతోవాతో మంచి స్నేహం. పెద్దతనంలో చూపు మందగిస్తే ప్రత్యేకమైన పెన్సిళ్ళతో రాసుకునేది. 2004 జనవరిలో, ఎనభై ఒకటో ఏట, ఫ్లోరిడా ప్రయాణానికి సిద్ధమైంది. ప్రవాహాల లెక్క మీద మొదలుపెట్టిన వ్యాసం అక్కడ పూర్తి చేద్దామనుకుంది. ప్రయాణానికి ముందు విశ్రాంతి కోసమని పడుకుంది, మళ్ళీ లేవలేదు.