కమాన్ పట్టా కన్నులో రబ్బరు ముక్క

పోయిన వారం మన సంఘం గ్రూపులో ఒక సభ్యులు వాళ్ల నాన్నగారి అంబాసిడర్ గురించి అడిగారు. గుంటలో పడ్డప్పుడల్లా వెనక నుంచి 'కటక్'మంటోందట. మలుపులో తోక ఊపుతోందట. బండికి వయసైపోయింది, తుక్కుకి ఇచ్చేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారట. "ముందు వెనక బుష్‌లు చూపించండి" అని అక్కడ ఒక్క ముక్కలో రాశాను. కానీ ఆ ముక్క వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. కాస్త పెద్దదే, ఆదివారం కాబట్టి తీరిగ్గా చదవండి.

అంబాసిడర్ వెనక ఇరుసు రెండు కమాన్ పట్టాల మీద ఆధారపడి ఉంటుంది. పద్మినిదీ ఇదే పద్ధతి, పాత జీపుదీ ఇదే. పట్టాల్లో అన్నిటికన్నా పొడవైనదాని రెండు కొసలనూ గుండ్రంగా చుట్టి కన్నులా చేస్తారు. ముందు కన్ను బోల్టుతో బాడీకి బిగుసుకుని ఉంటుంది. వెనక కన్ను మాత్రం షాకిల్ అనే చిన్న ఊయలకి వేలాడుతుంది. బరువు పడి పట్టా సాగినప్పుడు దాని పొడవు పెరుగుతుంది కదా, ఆ పెరిగినంత జరగడానికి చోటు కావాలి. ప్రతి కన్నులోనూ బోల్టుకీ ఇనుముకీ మధ్య ఒక రబ్బరు బుష్ ఉంటుంది. మన కథ దాని గురించే.

ఈ పట్టాలు మోటారు కోసం పుట్టినవి కావు. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ అనే బళ్ల తయారీదారు గుర్రపు బగ్గీల కింద కమాను స్ప్రింగులు పెట్టాడు. వందేళ్ల తర్వాత మోటారు వచ్చినప్పుడు బగ్గీ కిందున్న పట్టాలే కారు కిందకి వచ్చాయి. అప్పట్లో కన్నులో ఉండేది రబ్బరు కాదు, ఇత్తడి లాంటి లోహపు బుష్, అందులో తిరిగే పిన్ను. లోహం లోహంతో రాసుకుంటుంది కాబట్టి గ్రీజు పెట్టకపోతే కిర్రుమనేది, అరిగిపోయేది. అందుకే డ్రైవరు వారం వారం గ్రీజు గన్ను పట్టుకుని బండి కిందకి దూరేవాడు. దూరినవాడు గ్రీజు ఒక్కటే పెట్టి ఊరుకోడు కదా! పట్టా విరిగిందా, నట్టు వదులయిందా అన్నీ చూసుకునేవాడు.

1920ల్లో ఫ్రాన్సు నుంచి 'సైలెంట్ బ్లాక్' అనే బుష్ వచ్చింది. మన గ్యారేజీల్లో ఇప్పటికీ వినిపించే మాటే. రెండు ఉక్కు గొట్టాల మధ్య రబ్బరును గట్టిగా ఇరికించారు. అందులోని తెలివి ఏమిటంటే, ఏదీ దేనితోనూ రాసుకోదు. లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుని కదలదు, బయటి గొట్టం కన్నుతో బిగుసుకుని కదలదు. మధ్యలో రబ్బరు మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. రాపిడి లేదు, చప్పుడు లేదు, గ్రీజు అక్కర్లేదు.

గ్రీజు అక్కర్లేదన్న ఆ మాటే మన బళ్లను ముంచిందని నా అభిప్రాయం. గ్రీజు పని పోయింది, దానితోపాటు బండి కిందకి దూరే అలవాటూ పోయింది. రబ్బరు చప్పుడు చేయకుండా పనిచేస్తుంది, చప్పుడు చేయకుండానే చస్తుంది. అది పూర్తిగా పోయి ఇనుము ఇనుమును తాకేదాకా మనకి తెలియదు. అప్పుడు వినిపించే 'కటక్'ని రబ్బరు వయసు అనుకోం, బండి వయసు అనుకుంటాం.

అంబాసిడర్ విషయంలో ఇంకో మెలిక ఉంది. మూలం 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1957 నుంచి 2014 దాకా తయారు చేసింది. ఇంజన్లు మారాయి, ముందు జాలీ మారింది, వెనక పట్టాల పద్ధతి మాత్రం దశాబ్దాలు నడిచింది. లైసెన్సుల కాలంలో కారు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు, వచ్చాక తరాల తరబడి ఉంచుకునేవాళ్లు. కారేమో ముప్ఫై నలభై ఏళ్లు బతికింది. రబ్బరు అంతకాలం బతకదు.

మన చంద్రపూర్‌లో అసలే బతకదు. ఎండాకాలం 47 డిగ్రీలు దాటే ఊరు మనది. వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. గనుల దారుల్లో గుంటలు, బొగ్గు లారీల దుమ్ము సరేసరి. వీటన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టింది మాత్రం మన చేతి అలవాటు. ఈ సంగతి మన తెలుగువాళ్ల చరిత్రలో భాగం కాబట్టి చెప్పాలి.

వార్ధా నది అవతలి రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గనుల కోసం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు కోసం, రైలు పనుల కోసం మనవాళ్లు ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఎందరో లారీ స్టీరింగు పట్టారు, ఎందరో లారీ గ్యారేజీల్లో పని నేర్చుకున్నారు. లారీ షాకిల్‌లో ఉండేది లోహపు బుష్, పిన్నే. దానికి గ్రీజు పెట్టాలి, పెట్టనివాడు మెకానిక్కే కాదు. ఆ చెయ్యే తర్వాత అంబాసిడర్ కిందకి వెళ్లింది. పట్టాలు కిర్రుమంటే వాడేసిన ఇంజన్ ఆయిల్ పూశారు, డీజిల్ చల్లారు. సహజ రబ్బరుకి మినరల్ ఆయిల్ విషం. నానుతుంది, ఉబ్బుతుంది, మెత్తబడి ముక్కలవుతుంది. లారీని కాపాడిన జాగ్రత్తే కారు బుష్‌ని తినేసింది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, వాళ్లు నేర్చుకున్న బండి వేరు, చేతికొచ్చిన బండి వేరు.

మరి మార్చడం ఎలా? జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కిందకి వెళ్లకండి, బాడీ కింద స్టాండ్లు పెట్టాల్సిందే. ఇరుసుకి వేరుగా ఆధారం ఇచ్చి, షాకిల్ విప్పాలి. షాకిల్‌వి ఎక్కువగా రెండు సగాలుగా వచ్చే రబ్బర్లు, చేత్తోనే ఊడతాయి. కష్టమంతా కన్నులో తుప్పుతో అతుక్కున్న ఉక్కు గొట్టంతోనే. మొదట రబ్బరు తొలిచేసి, తర్వాత హాక్సా బ్లేడు లోపలికి పెట్టి గొట్టాన్ని నిలువునా కోస్తే వదులవుతుంది. కన్నుకి గాటు పడకూడదు, పడితే పట్టా అక్కడే విరుగుతుంది. కొత్తదాన్ని సుత్తితో బాదకుండా ప్రెస్సులో ఎక్కించండి. విడి రబ్బరు జారకపోతే సబ్బునీళ్లు రాయండి, నూనె వద్దు. ఒకవైపు పోతే రెండోవైపుదీ మార్చేయండి.

అసలు కిటుకు చివర్లో ఉంది. బోల్టులు పూర్తిగా బిగించాల్సింది చక్రాలు గాల్లో ఉండగా కాదు, బండి బరువు చక్రాల మీద పడ్డాక. రబ్బరు మెలితిరిగి పనిచేస్తుందని పైన చెప్పాను కదా. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలిపడిపోతుంది, నిలబడి ఉన్నా దానికి విశ్రాంతి ఉండదు. కొన్నాళ్లకే చిరుగుతుంది. "కొత్తవి వేయించినా ఆగలేదండీ" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే కావచ్చు. పాలీయురేథేన్ బుష్‌లు ఎక్కువకాలం వస్తాయని కొందరు అంటారు, నిజమే. కానీ అవి గట్టివి, కుదుపు లోపలికి తెస్తాయి, ఒక్కోసారి కీచుమంటాయి. మెత్తగా నడవడానికి పుట్టిన బండికి నా ఓటు రబ్బరుకే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది, ఫిట్‌నెస్ చూపించాలి. 50 ఏళ్లు దాటినవాటిని వింటేజ్‌గా నమోదు చేసుకునే నియమం 2021లో వచ్చింది గానీ, అలా నమోదైతే ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిప్పడానికి వీల్లేదు. మన ఎం.హెచ్.34 పాత బళ్లు చాలావరకు ఈ రెండు గీతల మధ్య ఉన్నాయి. వెనక చప్పుడుకి భయపడి తుక్కుకి తోలే ముందు, పట్టా కన్ను పక్కన ఒక రాడ్డు పెట్టి ఎత్తి చూడండి. బోల్టు చుట్టూ సందు కనిపిస్తే పోయింది రబ్బరే. మారుస్తూ యూ బోల్టులు కూడా విప్పి ఉంటే, 500 కిలోమీటర్లు తిరిగాక వాటిని మరోసారి బిగించడం మర్చిపోవద్దు.